కాలు మోపని నిముషం

సైకిలు మీద ఉన్న మనిషి ఎడమకాలును నేల మీద మోపడమనేది సామాన్యమైన సంగతి కాదు. సామ్రాజ్యాలు కూలడానికి శత్రువులు కావాలి, కరువులు కావాలి, కనీసం ఒక వ్యసనపరుడైన యువరాజైనా కావాలి. ఒంటరి మనిషి పతనానికి అంత సంభారం అక్కర్లేదు. ఒక చెప్పు, దాని కింద జానెడు నేల చాలు. ఈ సత్యాన్ని జనవరి నుంచి మే దాకా, రోజుకు సుమారు అరవై సార్లు, వజ్రకరూరులో స్వయంగా నిరూపిస్తూ వచ్చినవాడు విజయభాస్కర్.

ఆయనకు నలభయ్యొక్కేళ్ళు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఆయన అధీనంలో ఉన్న సంస్థానం విస్తీర్ణం పది అడుగులకు పది అడుగులు: ఆఫీసు వెనక ఇనుప కంచె, దాని మధ్య వర్షమాపకం. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు కంచె తాళం తీసి, మూత ఎత్తి, లోపలి సీసాలో చేరిన వాననీటిని గాజు కొలపాత్రలోకి వంచి, మట్టం చూసి, అంకె రాయడం ఆయన విధి. అనంతపురం మెట్టనేల మీద ఇది తాత్త్వికమైన ఉద్యోగం. ఏడాదిలో మూడువందల రోజులకు పైగా ఆయన వంచేది శూన్యాన్ని, రాసేది సున్నాను. సున్నాను కనిపెట్టిన దేశంలో కూడా దాన్ని పదకొండేళ్ళపాటు ఇంత నిష్ఠగా, వేళ తప్పకుండా సేవించినవారు అరుదు.

చిక్కల్లా ఒకటే. సున్నా రాయడానికి అరనిముషం పడుతుంది. రోజులో మిగిలిన భాగాన్ని ఏం చేయాలన్నదే ఆయన జీవిత సమస్య. కుర్చీలో కూర్చుంటే మోకాలు ఆడుతుంది. మోకాలు ఆడితే బల్ల ఆడుతుంది, బల్ల ఆడితే పక్క బల్ల వాళ్ళు తిడతారు, అందుకని లేస్తాడు. లేస్తే నడుస్తాడు. చేరిన చోట ఎందుకు వచ్చానో గుర్తుండదు గనుక తిరిగి వస్తాడు. అన్నం తింటూ మధ్యలో లేచి, కిటికీలోంచి వీధిలోకి చూసి వచ్చి, మళ్ళీ కలుపుకుంటాడు. వీధిలో ఏమీ ఉండదు. అది ఆయనకూ తెలుసు.

ఇంట్లో అటక ఆయన గత వైభవాలకు ప్రదర్శనశాల. తేనెటీగలు ఎన్నడూ చూడని తేనెపెట్టె; సంస్కృత స్వబోధిని, మొదటి పాఠం దాకా నలిగి, రెండో పాఠం నుంచి కన్యగా మిగిలినది; ఒక మోర్సింగు వాద్యం; స్వయంగా తయారుచేయబోయిన టెలిస్కోపు తాలూకు గొట్టం, అద్దాలు ఇంకా రావలసి ఉన్నవి. ఆయన ఏ విద్యనూ ద్వేషించి వదలలేదు. ప్రతి దాన్నీ ప్రేమించాడు, మూడో వారం దాకా.

భార్య పద్మజ బడిలో టీచరు. పుట్టిల్లు ధర్మవరం. ఆమె తండ్రి మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చున్నాడంటే చీర దిగిందాకా లేచేవాడు కాదు. పద్దెనిమిది దినాలైనా సరే. అటువంటి ఇంట పుట్టి, ముద్దకూ ముద్దకూ మధ్య వీధి చూసి వచ్చే మనిషిని పదమూడేళ్ళుగా భరిస్తున్న ఆ ఇల్లాలి ఓర్పును కొలిచే పాత్ర ఏ కార్యాలయంలోనూ లేదు.

ఇలా ఉండగా జనవరిలో ఒక ఆదివారం, ఊరి బయట గుట్ట దగ్గర విజయభాస్కర్ ఒక వింత చూశాడు. ఒక అమ్మాయి సైకిలు మీద నిలబడి, ఆ సైకిలుతో సహా, నడుమెత్తు రాతిగుండు మీదికి ఎగిరింది. ఎగిరి అక్కడ ఆగింది. ఆగి, తీరిగ్గా నాలుగు దిక్కులూ చూసి, పక్క గుండు మీదికి దూకింది. కింద మేకలు మేత మాని చూస్తున్నాయి, వృత్తిపరమైన ఆసక్తితో.

ఆ అమ్మాయి షీరీన్, సైకిళ్ళు బాగుచేసే పీరాసాబ్ కూతురు. బెంగళూరులో చదివేటప్పుడు ఈ విద్య పట్టుకుంది. ఇప్పుడు గుంతకల్లులో మందుల షాపులో ఉద్యోగం, సెలవుల్లో గుట్టల మీద విహారం.

"ఏం ఆట పాపా ఇది?" అన్నాడు విజయభాస్కర్, గుండు చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి.

"ట్రయల్స్ అంటారన్నా. రాళ్ళ మీద సైకిలు పోనీయాల. కాలు కింద పెట్టకూడదు. పెడితే తప్పు కింద లెక్క."

"ఎవరు ముందు పోతే వాళ్ళు గెలిచినట్టా?"

"ముందూ లేదు, ఎనకా లేదు. తప్పులు తక్కువ చేసినోళ్ళు గెలిచినట్టు."

ఆయన వంగి చూశాడు. "అది సరే గానీ, సీటు యాడికి పోయింది దీనికి?"

"సీటుండదన్నా. కూర్చునే పనే లేదు గదా."

కొన్ని వాక్యాలు మనిషి జీవితంలోకి ఆలస్యంగా వచ్చి అన్ని కుర్చీలనూ తన్నేస్తాయి. ఉయ్యాల నాటి నుంచి ఆ పూట దాకా ఆయన ఎదుర్కొన్న ప్రతి వస్తువూ, ప్రతి మనిషీ ఆయనతో చెప్పిన మాట ఒక్కటే: కూర్చో. కూర్చోమనని యంత్రం ఒకటి భూమ్మీద ఉన్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మరునాటికల్లా పీరాసాబ్ అంగడిలో ఉన్నాడు. పీరాసాబ్ ఒక పిల్లల సైకిలుకు సీటు పీకి, వెడల్పాటి హ్యాండిలు బిగించి, రెండు గట్టి బ్రేకులు వేసి, మూడు వారాలకు ఆ దివ్యరథాన్ని సిద్ధం చేశాడు. చేస్తున్నంతసేపూ ఒకటే గొణుగుడు: "సీటు ఏయించుకునేటోళ్ళను చూసినా. పీకించుకునేటోన్ని నిన్నే చూస్తాండా అప్పా."

ఇంటికి తెచ్చిన సైకిలును పద్మజ గడపలో నిలబడి పైనుంచి కిందికి చూసింది. "సీటు గూడా లేదు. నిన్ను చూసే చేసినట్టుండారు." అని, అటక వైపు తిరిగి, ఇంకెంత జాగా మిగిలిందో కంటితోనే కొలిచింది.

అయితే విధి అనేది పాత గడుసుది. ఎగరడం, దూకడం, గుండ్ల మీద విహరించడం వంటి మహిమలన్నీ తరువాతి పాఠాలు. మొదటి పాఠం మాత్రం కదలకుండా ఉండటం.

"ఎగిరేది తర్వాత చూస్తామన్నా," అంది షీరీన్. "ముందు నిలబడు. పెడల్లు రెండూ సమంగా పెట్టు. చక్రం రవ్వంత పక్కకు తిప్పు. బ్రేకుల మీద ఒక్కొక్క వేలు. ఎదురుగా నేల మీద ఒక గుర్తు పెట్టుకో, ఆడ్నే చూడు. చూపు యాడుంటే బరువు ఆడుంటాది."

విజయభాస్కర్ ఒక గులకరాయిని గుర్తుగా పెట్టుకున్నాడు. దాన్ని చూశాడు. దాని పక్కన చీమను చూశాడు. చీమ పోతున్న దిక్కు చూశాడు. ఎడమకాలు నేల మీద ఉంది.

"ఎంతసేపు?"

"మూడు సెకండ్లు."

ఇది జనవరి సంగతి. ఫిబ్రవరి నెలాఖరుకు ఏడు సెకండ్లు. శివరాత్రి జాగరం తెల్లవారి, నిద్రలేమి వల్ల కాబోలు, పదకొండు. ఏప్రిల్లో ఒకసారి పంతొమ్మిది. దాన్ని ఆయన ఎదురైన వాళ్ళందరికీ చెప్పాడు. ఆఫీసులో సైకిలు లేకుండానే నిలబడి చూపించాడు.

"చక్రాల్లో గాలి తగ్గిస్తే సులువుగా ఉంటాదన్నా," అంది షీరీన్ ఒకనాడు, ఆయన మోకాలికి పసుపు అద్దుకుంటుంటే. "మెత్తగా నేలకు అంటుకుంటాది. మొదట్లో అందరూ అట్లే చేస్తారు."

విజయభాస్కర్ ముఖం రాజముద్ర వేసినంత గంభీరమయింది. "గాలి తీసి నిలబడేది నిలబడేదే కాదు పాపా. అది దొంగతనం." ఆనాటి నుంచి రోజూ తన చేత్తోనే, పంపు కుయ్యోమనేదాకా, రెండు చక్రాల్లోనూ గాలి కొట్టుకునేవాడు. గట్టి టైరు మీద సైకిలు ఆయన మోకాలి కంటే ఎక్కువగా ఆడేది.

మూడో వారం గడిచింది. పదమూడో వారమూ గడిచింది. ఆయన వదలలేదు. ఇది పద్మజకు అర్థం కాలేదు. ఏప్రిల్ ఎండల్లో, అన్నం ముందు కూర్చుని ఇంకా మూడో ముద్దయినా కాకముందే కిటికీ దగ్గరికి పోయిన భర్తతో ఆమె అంది:

"ఒక్క నిముషం. నన్ను చీర కొనియ్యమంటిన్యా, నగ చేయించమంటిన్యా? ఒక్క నిముషం ఒక్క తావున ఉండమంటాండా, పదమూడేండ్ల నుంచి. నీ చేత కాదు."

"అవుతాది."

"యా దాని మీద? ఆ సీటు లేని దాని మీదనా?"

"దాని మీదనే. కాలు కింద పెట్టకుండా నిముషం నిలబడి చూపిస్తా. పందెం."

పద్మజ నేతింటి ఆడపడుచు. పడుగు సరిచూసుకోకుండా పేక వేయదు. "ఓడితే?"

"నువ్వేం చెప్తే అది."

"ఓడితే ఆ సైకిలు అటకెక్కల్ల. ఆదివారం ఆదివారం ధర్మవరం పోయి మా గంగాధరన్న అంగట్లో కూర్చోల్ల. తెల్ల పరుపు మీద. పొద్దున్నుంచి మాపటేల దాకా. చీరలు మడతేసేది ఆయప్పే నేర్పిస్తాడు."

విజయభాస్కర్ ఆ తెల్ల పరుపును ఎరిగినవాడే. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నమంతా దాని మీద కూర్చున్నాడు. గంగాధర్ మాట్లాడడు, గోడ గడియారం మాత్రం మాట్లాడుతుంది. ఆ ఒక్క మధ్యాహ్నం ఆయన జ్ఞాపకంలో ఒక జైలుశిక్షగా మిగిలింది. ఇప్పుడు యావజ్జీవం.

"ఎప్పటిలోగా?" అన్నాడు.

"నువ్వే చెప్పు."

ఇక్కడ ఆయనలోని గణాంకవేత్త మేల్కొన్నాడు. "నా సీసాలో ఒక్క దినంలో ఇరవై మిల్లీమీటర్లు ఎప్పుడు పడితే, ఆ పొద్దు మునిగేలోగా."

పద్మజ ఒప్పుకుంది. అటువంటి వాన కిందటేడు సెప్టెంబరులో ఒకసారి పడింది. అంతకు ముందటేడు అసలు పడలేదు. అనంతపురం వానను గడువుగా పెట్టుకున్నవాడు అమరత్వం కోరుకున్న రాక్షసుడితో సమానం. కానీ అటువంటి వరాలలో ఎప్పుడూ ఒక కంత ఉంటుందన్న సంగతి కూడా పెద్దలు చెప్పే ఉన్నారు.

మే నెల ఇరవైయెనిమిదో తేదీ సాయంత్రం గాలి లేచింది, రేకులు ఎగిరాయి, ఆకాశం ఊడిపడింది. విజయభాస్కర్ ఇంట్లో గది నుంచి గదికి తిరుగుతూ కప్పు మీది చప్పుడును మిల్లీమీటర్లలోకి మార్చుకున్నాడు. పద్మజ వరండాలో కూర్చుని వాన చూసింది. కాచుకోవడంలో ఆమెది ధర్మవరం పట్టుపని.

మరునాడు ఎనిమిదిన్నర. ఆయన కంచె తాళం తీసి, సీసాను కొలపాత్రలోకి వంచి, కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు. ఇరవై పాయింటు నాలుగు.

చుట్టూ ఎవరూ లేరు, కంచె మీద ఒక కాకి తప్ప. గుక్కెడు నీళ్ళు నేల మీద పడితే చాలు. పంతొమ్మిది పాయింటు చిల్లర అవుతుంది, తెల్ల పరుపు సెప్టెంబరు దాకా వెనక్కి పోతుంది. చేయి వణికిందంటే ఎవరు కాదంటారు? ఆ చేయి ఎలాగూ ఎప్పుడూ వణికేదే. ఆయన పాత్రను అటూ ఇటూ మార్చుకున్నాడు. కాకి తల వంచి చూసింది. పదకొండేళ్ళు సున్నాలు రాసినవాడికి, చివరికి ఒక అంకె కళ్ళెదుట వచ్చి నిలబడినప్పుడు దాన్ని తగ్గించి రాయడమంటే, ఏళ్ళ తరువాత గుమ్మంలోకి వచ్చిన బంధువుకు సగం విస్తరి వేసినట్టు. ఆయన 20.4 అని రాశాడు. రాసి, కింద గీత గీశాడు. గీసి, పద్మజకు చెప్పడానికి పరుగెత్తాడు.

అప్పటికే వజ్రకరూరు నిండిపోయింది.

ఇక్కడ తొలివాన పడితే రైతు గొర్రు తీయకముందే వజ్రాల వేటగాళ్ళు దిగుతారు. బళ్ళారి నుంచి, కర్నూలు నుంచి, కంబదూరు నుంచి, మూటలతో, టిఫిన్ క్యారియర్లతో వచ్చి, వాన కడిగిన చేలల్లో తలలు వంచి నడుస్తారు. వానకు మట్టి కొట్టుకుపోతే వజ్రం బయటపడుతుందని వాళ్ళ నమ్మకం. ఈ వేటకొక మర్యాద ఉంది. మెరుపు కనబడినవాడు అరవడు, వంగడు. ముందు దాని మీద కాలు పెడతాడు. పెట్టి, ఏమీ ఎరగనట్టు బీడీ వెలిగించుకుంటాడు, లేదా పంచె సర్దుకుంటాడు. పక్కవాడు దూరం పోయాకే వంగుతాడు. కాలు పెట్టినవాడిదే రాయి. ఇంకొకడు దాన్ని కాదనకూడదు. కాబట్టి వేటగాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోరు, కాళ్ళు చూసుకుంటారు. ఎవడి నడక ఆగిందా, ఎవడి చూపు ఒక్కచోట నిలిచిందా అని చేను చేనంతా ఓరకంట కాపలా కాస్తుంది.

మధ్యాహ్నం మూడు గంటలకు, పీరాసాబ్ అంగడి వెనక, తిప్పమ్మ బీడుచేనిలో పరీక్ష మొదలయింది. తిప్పమ్మకు అరవై దాటింది. ముప్పై ఏళ్ళుగా తన చేనిలోనే వజ్రం వెతుకుతూ, అందువల్ల దాన్ని విత్తడానికి తీరిక దొరకని మనిషి. ఆమె, ఇంకా నలభైమంది దాకా ఊరివాళ్ళూ పరాయివాళ్ళూ, చేను ఆ చివర తల వంచి తిరుగుతున్నారు. ఈ చివర సర్కారుతుమ్మ కంప పక్కన షీరీన్ సెల్‌ఫోన్లో గడియారం పెట్టుకుని నిలబడింది. పద్మజ చేతులు కట్టుకుంది.

"మూడు తూర్లు ఇస్తాండా," అంది పద్మజ. "మా నాయన మగ్గం మీద ఒక్క తూరే ఇస్తాండె."

మొదటిసారి పద్నాలుగు సెకండ్లు. ఆయన గులకరాయిని చూడవలసింది పోయి పద్మజ చూస్తున్నదా అని చూశాడు. చూస్తున్నది. కాలు దిగింది.

రెండోసారి ఇరవైరెండు. ఇది చరిత్రలో అత్యధికం. చరిత్ర సృష్టించానన్న సంగతి ఇరవయ్యో సెకండులోనే ఆయనకు తట్టింది; ఆ ఆనందం కుడిపక్కకు మొగ్గింది; సైకిలూ ఆయనా కలిసి తుమ్మకంపలోకి పోయారు.

"అయ్యో అన్నా!"

"ఏం గాలేదు, ఏం గాలేదు," అంటూ కంపలోంచి వచ్చిన విజయభాస్కర్ చొక్కాలో నుంచి షీరీన్ తొమ్మిది ముళ్ళు ఏరింది. పద్మజ ఆయన చెవి దగ్గర పదోది తీసింది. తీసి, దాన్ని చూసి, అవతల పారేసింది.

ఆయన చేను గట్టు మీద అటూ ఇటూ నడవసాగాడు. ఇరవై అడుగులు అటు, ఇరవై ఇటు. పొద్దు గుట్టల వైపు వాలుతోంది. తెల్ల పరుపు, గోడ గడియారం, నోరు విప్పని గంగాధర్. అంతకంటే బాధ ఇంకొకటి ఉంది. దాన్ని ఆయన నడకతో తొక్కేద్దామని చూస్తున్నాడు. పంపు కొట్టి, మోకాళ్ళు చీరుకుని, ఐదు నెలలు ఒకే పాఠం మీద ఉన్నాడు. దీన్ని కూడా అటకెక్కించారంటే ఇక మీదట ఆయన ఏదీ మొదలుపెట్టలేడు. మొదలుపెట్టడం తప్ప మరొకటి రానివాడికి అది కూడా పోతే ఏం మిగులుతుంది?

"ఇంగ ఎంతసేపు తిరుగుతావు?" అంది పద్మజ. గొంతులో ఎగతాళి లేదు. "రా."

ఆయన వచ్చాడు. సైకిలెక్కాడు. ఎదురుగా నేల మీద, వాన కడిగిన ఎర్రమట్టిలో, కిందటేటి వేరుశనగ డొప్ప ఒకటి కనబడింది. దాన్ని గుర్తుగా పెట్టుకున్నాడు.

"సురూ," అంది షీరీన్.

ఐదు. పది. ఎడమకాలు ఎప్పటి వినతిపత్రం సమర్పించింది: అయ్యా, ఒక్కసారి దిగి వస్తాను. ఆయన తిరస్కరించాడు. మెడ మీద చెమట ఒక అర్జీ పెట్టింది. ముక్కు ఇంకొకటి. వేరుశనగ డొప్పకు నడుమ సన్నని నొక్కు ఉంది; ఒక పక్క నల్లబడింది. ఆయన దాన్ని చూశాడు. పక్కన చీమ లేదు.

ఆ సమయంలో చూపు అంచున ఒక జత పాదాలు వచ్చి ఆగాయి. పసుపు రాసినవి, మడమలు బీటలు వారినవి: తిప్పమ్మ పాదాలు. వాటి పక్కన రబ్బరు చెప్పులు. తరువాత బురద పట్టిన బూట్లు. మెట్టెలు ఉన్న కాళ్ళు, లేని కాళ్ళు. ఎవరో బీడీ వెలిగించిన వాసన. ఎవరో పంచె సర్దుకున్న చప్పుడు. చేను ఆ చివర నుంచి నలభైమంది, ఏమీ ఎరగనట్టు, ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చి వలయం కట్టారు.

"నిలిచినాడు," అందొక గొంతు, గుసగుసగా.

"చూపు నిలిచింది సూడు. రెప్ప ఏయల్యా."

"ఏమప్పా, ఏం కనపడింది?"

"పలకడే."

"యాడ పలుకుతాడు? పలికితే మనం ఇంటాం గదా."

"సైకిలు గూడా దిగల్యా. దిగితే గుర్తు తప్పుతాదని. గట్టోడే!"

విజయభాస్కర్‌కు విషయం అర్థమయింది. చెబుదామనుకున్నాడు, పెదవి కదిపితే హ్యాండిలు కదిలేటట్టు ఉంది. కాలు దించితే ఈ నలభైమందీ ఆ కాలి మీద పడతారు. ఆయన జీవితంలో ఎన్నడూ లేనిది, ఎటూ పోవడానికి దారి లేదు. ముందు కాళ్ళు, వెనక కాళ్ళు, మధ్యలో ఒక వేరుశనగ డొప్ప.

ఎవరూ కదలడం లేదు. ముందు కదిలినవాడు తన ఆశను బయటపెట్టుకున్నట్టు. బీడీ పొగ కూడా నిటారుగా లేచింది. ఆ నిశ్శబ్దంలో ఒక వింత జరిగింది. ఎడమకాలు అడగడం మానేసింది. మోకాలు మరిచిపోయింది. ఆయనకు కిటికీలోంచి చూడాలని గానీ, ఇంకొకచోట ఉండాలని గానీ అనిపించలేదు. డొప్ప ఉంది, తాను ఉన్నాడు, చాలు. మగ్గం గుంటలో కాళ్ళు దించుకున్న మామ ఆ పద్దెనిమిది దినాలూ దేన్ని చూస్తూ ఉండేవాడో ఆయనకు అస్పష్టంగా తెలిసింది.

ఎంతసేపయిందో తెలియదు.

"నాయనా," అంది తిప్పమ్మ చివరికి. "కాలు పెట్టబ్బా. నీదేలే. మేమేమన్నా గద్దలమా, తన్నుకుపోనీక? ఒక్క తూరి కండ్లారా చూస్తాం. ముప్పై ఏండ్ల నుంచి కాసుకోనుండా."

"షీరీన్," అన్నాడు ఆయన, పళ్ళ మధ్య నుంచి. "అయిందా?"

జవాబు లేదు. ఇంకాసేపు ఆగాడు, ఆగడం అంత కష్టంగా లేదు. ఆ తరువాత, నిదానంగా, సింహాసనం దిగే రాజులాగా, ఎడమకాలు మోపాడు.

నలభైమంది ఒక్కసారిగా వంగారు. తలలు తలలకు కొట్టుకున్నాయి. ఎవరో ఆయన చెప్పు లాగేశారు. మట్టి లేచింది. కాసేపటికి గుంపు నడుమ నుంచి తిప్పమ్మ చేయి పైకి లేచింది. వేళ్ళ మధ్య వేరుశనగ డొప్ప.

"ఇదేంది?"

"అదే అవ్వా. దాన్నే చూస్తాంటి."

తిప్పమ్మ ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధాన్ని ఎంత చక్కగా అల్లాడన్న గౌరవం ఆమె కళ్ళలో కనబడింది. "అంతసేపు డొప్పను ఎవడన్నా చూస్తాడా నాయనా?" అని, కొంగు బిగించి, పార తెమ్మంది. బళ్ళారి వాళ్ళు అప్పటికే గుంత మొదలుపెట్టారు.

విజయభాస్కర్ సైకిలును భుజానికెత్తుకుని గుంపు దాటి వచ్చాడు. షీరీన్ తల వంచుకుని ఉంది. ఫోన్లో గడియారం ఇంకా నడుస్తూనే ఉంది: ఐదు నిముషాల నలభై సెకండ్లు.

"నిముషం అయినప్పుడు యాల చెప్పల్యా పాపా?"

"నేనూ కిందకే చూస్తాంటి అన్నా," అంది షీరీన్, సిగ్గుపడుతూ. "ఏమన్నా ఉండాదేమో అని."

ఆయన పద్మజ వైపు తిరిగాడు. న్యాయస్థానం ఆమె ఒక్కతే. ఆమె చూసి ఉండాలి. ఆమె చూసిందా?

పద్మజ చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులుపుకుంది. "నేనూ చూడల్యా," అంది. "అందరూ చూస్తాంటే నేనూ నేలనే చూసినా."

ఆయన భుజం మీద సైకిలు బరువెక్కింది. గెలిచిన నిముషానికి సాక్షి లేడు. సాక్షి లేని నిముషం పందెంలో చెల్లదు. ఆయనే జడ్జి అయినా చెల్లదనే చెప్పేవాడు. "సరే. ఆదివారం ఎన్ని గంటలకు పోవల్ల ధర్మవరం?"

"ఆగు," అంది పద్మజ. ఆమె గుంత చుట్టూ పోట్లాడుకుంటున్న జనాన్ని చూసింది. "నువ్వు కదిలింటే వాళ్ళు పోయిండేటోళ్ళు. రవ్వంత ఊగినా, ఈడేం లేదని పోయిండేటోళ్ళు. నలభైమంది ఊపిరి బిగబట్టి నిలబడిరి గదా నిన్ను చూసి. నేను చూడకపోతే ఏమి?" కొంగుతో ఆయన చెవి దగ్గరి గీరు తుడిచింది. "నిలబడినావు. నిముషం కాదు, ఇంకా ఎక్కువే. మా అన్నకు నేను చెప్పుకుంటాలే."

ఆ సాయంత్రం విజయభాస్కర్ ఊరి నడివీధి గుండా, సైకిలు భుజం మీద పెట్టుకుని, దిగ్విజయం ముగించిన చక్రవర్తిలాగా ఇల్లు చేరాడు. అన్నం ముందు కూర్చుని మొదటి ముద్ద నుంచి మజ్జిగ దాకా లేవలేదు. పద్మజ రెండుసార్లు తలెత్తి, కిటికీ వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది.

మరునాడు ఎనిమిదిన్నరకు ఆయన వర్షమాపకం తీసి, సున్నా రాసి, సైకిలును మళ్ళీ భుజానికెత్తుకుని పీరాసాబ్ అంగడికి చేరాడు. దారిలో తిప్పమ్మ చేనిలో గుంత నడుములోతు అయింది, చుట్టూ కొత్తవాళ్ళు. ఆయన వాళ్ళకు చేయి ఊపాడు. ఒక మహావిద్యలో మొదటి పాఠంలో సంపూర్ణంగా, నిష్కళంకంగా ఉత్తీర్ణుడై, రెండో పాఠంలోకి అడుగుపెట్టబోతున్న మనిషి ఆయన. నలభయ్యొక్కేళ్ళలో ఇది మొదటి రెండో పాఠం.

"మామా, ఈ పొద్దు గుండు ఎక్కేది నేర్చుకుంటాండా," అని సైకిలు దించాడు.

పీరాసాబ్ అలవాటు కొద్దీ ముందుచక్రాన్ని బొటనవేలితో నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. చక్రాన్ని తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, పట్టకారు అందుకుని, టైరులోంచి ఒక తుమ్మముల్లును బయటికి లాగాడు. ముల్లు వేలెడు పొడవుంది. అది దిగబడింది నిన్న రెండోసారి కంపలో పడ్డప్పుడు. మూడోసారి ఆయన నిలబడినంతసేపూ ఆ చక్రంలో గాలి లేదు.